పలుకనివారు విననివారేనా?

మన భాషలో "ఉలుకూ పలుకూ లేదు" అన్న జంటమాట ఒకటి ఉన్నది. తలకు గట్టి దెబ్బ తగిలి మంచాన పడిన మనిషిని గురించి ఊరివారు మొదట అడిగే ప్రశ్న అదే. గిల్లితే ఉలికిపడుతున్నాడా? పిలిస్తే పలుకుతున్నాడా? ఉలుకు ఉంటే ప్రాణమున్నదని, పలుకు ఉంటే తెలివి ఉన్నదని లెక్క. వైద్యశాస్త్రపు లెక్క కూడా దీనికి మరీ దూరమైనది కాదు. గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అను ఇద్దరు వైద్యులు 1974లో ప్రతిపాదించిన కొలమానం నేటికీ దేశదేశాల ఆసుపత్రులలో వాడుకలో ఉన్నది. కన్ను తెరచుట, మాట పలుకుట, అవయవము కదల్చుట అను మూడింటికి మార్కులు వేసి, మొత్తం 3 నుండి 15 వరకు లెక్క కడతారు. ఏమీ చేయలేనివానికి కూడా 3 మార్కులు వస్తాయి. సున్న వేయని పరీక్ష లోకంలో ఇదొక్కటే కాబోలునని, పరీక్ష పేపర్లు దిద్దుకొను వృత్తిలో ఉన్న మేము ఒకప్పుడు నవ్వుకున్నాము. ఇప్పుడు ఆ నవ్వు రావడం లేదు. అందుకు కారణం చెప్పవలసి ఉన్నది.

మూడు సంవత్సరాల క్రిందట మా తరగతిలో చదువుతుండిన విద్యార్థి ఒకడు, ఆదివారంనాడు తమ్ముణ్ణి మేనమామ ఇంట దింపి మోటారు సైకిలు మీద తిరిగివస్తూ, దారిలో ఆగి ఉన్న లారీని వెనుకనుండి ఢీకొన్నాడు. తలకు హెల్మెట్ లేదు. పద్దెనిమిది దినాలు ఆసుపత్రిలో కన్ను తెరవలేదు. పందొమ్మిదవనాడు తెరచినాడు, కాని ఆ చూపు ఎవరిమీదా నిలువలేదు. మరి కొంతకాలం చూచి, ఇక తాము చేయగలిగినది లేదని, ఇంటికి తీసుకొని వెళ్ళవచ్చునని వైద్యులు చెప్పినారు. ముక్కులో గొట్టంతో, మెడకు రంధ్రంతో ఆ బాలుడు ఇల్లు చేరినాడు.

మరి ఇద్దరు అధ్యాపకులతో కలసి మేము పరామర్శకు వెళ్ళాము. చిన్న గది. మంచం చుట్టూ కుర్చీలు వేసినారు. తేనీరు వచ్చినది. ఒక పెద్దాయన ఇప్పటికి ఎంత ఖర్చయినదో, ఏ పొలం తాకట్టు పడినదో అంకెలతో సహా వివరించినాడు. మరొక బంధువు, దీనివలన చెల్లెలి సంబంధం ఆగిపోయినదని వాపోయినాడు. ఇవన్నీ ఆ బాలుని తలకు రెండు మూరల దూరంలో సాగిన మాటలు. అంతటితో ఆగినా బాగుండేది. "ఇట్లా పడి ఉండడంకంటె అల్లా తీసుకుపోవడమే మేలు" అన్న మాట కూడా అక్కడ పుట్టినది. ఆ మాట అన్నది మేమే. దానిని మరొకరిమీదికి నెట్టము.

గడప దగ్గర నిలుచున్న తల్లి, "మెల్లగా మాట్లాడండి సార్, వాడు వింటాడు" అన్నది. మసీదునుండి అజాన్ వినవచ్చినప్పుడు వాడి ఊపిరి మారుతుందని, చెల్లెలు గదిలోకి వస్తే కుడిచేతి బొటనవేలు కదలుతుందని ఆమె చెప్పినది. "అవునమ్మా, అల్లా దయ" అని పైకి అని, పిచ్చితల్లి అని లోపల అనుకొని లేచి వచ్చినాము. పద్నాలుగు మాసాలు ఆ విధంగానే ఉండి ఆ బాలుడు కన్నుమూసినాడు. అతడు ఆనాడు మా మాట విన్నాడో లేదో ఇక తెలుసుకొను మార్గం లేదు. అటు తరువాతనే మేము ఈ విషయమై దొరికినంత చదివినాము.

తెలుగు చెప్పుకొను వృత్తి గనుక మాటలతోనే మొదలుపెడతాము. సంస్కృతంలో స్పృహ అనగా కోరిక. తెలుగునకు వచ్చిన పిదప అది ఒడలు తెలియుట అన్న అర్థంలో స్థిరపడిపోయినది. తెలివి అన్న మాట సంగతి మరీ చిత్రము. తెలివితక్కువ అన్నప్పుడు బుద్ధి, తెలివి తప్పెను అన్నప్పుడు మెలకువ. ఉర్దూలో హోష్ అన్న ఒక్క పదమే ఈ పనులన్నీ చేస్తుంది. ఈ మాటలన్నీ మెలకువను, ఎరుకను ఒకటిగా ముద్దచేసి చెబుతాయి. వైద్యులు ఆ రెంటినీ విడదీసినారు. కోమాలో రెండూ ఉండవు. అది సాధారణంగా కొద్ది వారాలకు మించి సాగదు. అటుపిమ్మట కొందరిలో కన్నులు తెరుచుకుంటాయి, నిద్రా మెలకువా వంతులు వేసుకుంటాయి, ఊపిరి తనంతట తాను ఆడుతుంది, కాని ఎరుక ఉన్న జాడ మాత్రం కానరాదు. ఈ స్థితికి జెన్నెట్, ప్లమ్ అను వైద్యులు 1972లో 'వెజిటేటివ్' అని నామకరణం చేసినారు. ఆలోచన లేక కేవలం శరీరంతో బ్రతుకుట అని వారి ఉద్దేశ్యం. లోకం మాత్రం దానిని మొక్కలకు, కాయగూరలకు ముడిపెట్టినది. అప్పుడప్పుడు మాత్రమే ఎరుక జాడలు కనబరచువారిని 2002లో వేరొక తరగతిగా గుర్తించినారు. 2010లో బెల్జియం వైద్యుల చొరవతో, వెజిటేటివ్ అన్న మాటకు బదులుగా 'ప్రతిస్పందన లేని మెలకువ' అన్న అర్థం వచ్చు పేరు వచ్చినది. ఈ పేరు మాకు నచ్చినది. కంటికి కనపడిన దానిని మాత్రమే చెప్పి, కనపడని దానిని గురించి తీర్పు చెప్పకుండా ఊరుకున్నది.

ఇక్కడ ఒక గందరగోళం తొలగించుకొనవలెను. బ్రెయిన్ డెడ్ అని పత్రికలలో చదివే స్థితి వేరు. అది మెదడు కాండముతో సహా పనిచేయుట పూర్తిగా ఆగిపోయిన స్థితి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అది మరణమే. మేము మాట్లాడునది ఊపిరి తనంతట తీసుకొంటూ, కన్ను తెరచి, మాటకు బదులివ్వని వారిని గురించి.

2005 జూలైలో ఇంగ్లండులో 23 సంవత్సరాల యువతి ఒకామె రోడ్డు ప్రమాదంలో గాయపడినది. ఐదు మాసాలు గడచినా ఏ ఆజ్ఞకూ బదులు లేదు. వైద్యులు ఆమెను వెజిటేటివ్ స్థితిలో ఉన్నట్లు నిర్ణయించినారు. కేంబ్రిడ్జిలోని ఏడ్రియన్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఆమెను మెదడులోని రక్తప్రసరణను చిత్రించు స్కానరులో పడుకోబెట్టి, చెవిలో ఒక మాట చెప్పినారు. టెన్నిసు ఆడుతున్నట్లు ఊహించుకొమ్మన్నారు. మరికొంత సేపటికి, నీ ఇంటిలో గది వెంట గది తిరుగుతున్నట్లు ఊహించుకొమ్మన్నారు. టెన్నిసు అన్నప్పుడు కదలికలను సిద్ధంచేయు మెదడు భాగము, ఇల్లు అన్నప్పుడు చోట్లను, దారులను గుర్తుపట్టు భాగము వెలిగినవి. ఆరోగ్యవంతులలో ఎట్లా వెలుగుతాయో అట్లే. వ్రేలు కదపలేని మనిషి ఆజ్ఞ విని, అర్థం చేసుకొని, పాటించినది. 2006లో ఈ సంగతి 'సైన్స్' పత్రికలో వెలువడినది.

సందేహించినవారు ఊరుకోలేదు. టెన్నిసు అన్న మాట చెవిని పడగానే మెదడు యాంత్రికంగా వెలగవచ్చును గదా అన్నారు. ప్రశ్న సబబైనదే. కాని ఆ వెలుగు మాట వినగానే మెరిసి ఆరిపోలేదు. అర నిమిషంపాటు, ఇక చాలు అన్నంతవరకు నిలిచినది. అర నిమిషం ఒక పని మీద మనసు నిలుపుట ఎంత కష్టమో మా తరగతిలో చివరి బల్లలవారికి తెలుసు.

2010లో కేంబ్రిడ్జి, బెల్జియంలోని లియేజ్ నగరాల వైద్యులు 54 మంది రోగులను ఇదే పద్ధతిలో పరీక్షించినారు. ఐదుగురు ఆజ్ఞను పాటించినట్లు తేలినది. ఆ ఐదుగురిలో నలుగురు ఎరుక లేనివారుగా ముద్రపడినవారు. వారిలో ఒకనితో సంభాషణ కూడా జరిపినారు. అవును అనదలిస్తే టెన్నిసు ఊహించుము, కాదు అనదలిస్తే ఇల్లు ఊహించుము అని చెప్పి, అతని కుటుంబాన్ని గూర్చి ఆరు ప్రశ్నలు అడిగినారు. ఐదింటికి సరియైన జవాబు వచ్చినది. 2012లో కెనడాలో, పన్నెండు సంవత్సరాలుగా బదులు పలుకని రోగిని ఓవెన్ ఈ విధంగానే నీకు నొప్పిగా ఉన్నదా అని అడిగినాడు. లేదని జవాబు వచ్చినది. ఆ ప్రశ్న అన్ని సంవత్సరాల తరువాత అడిగినారు. అవునని వచ్చి ఉంటే?

మాట వినపడి, అర్థమై, సంకల్పం కూడ కలిగి, వ్రేలు ఎందుకు కదలదు? మెదడు లోతున ఉన్న థాలమస్ అను భాగానికి, కదలికలను ఆజ్ఞాపించు పైపొరకు నడుమ ఉన్న తంతువులు తెగిపోవుట ఇందుకు ఒక కారణమని 2015లో చూపినారు. మన కళాశాల వార్షికోత్సవంలో మైకు తీగ ఊడిపోయిన సంగతి మీకు జ్ఞాపకముండవచ్చును. ముఖ్య అతిథి వేదికమీద మాట్లాడుతూనే ఉన్నారు. వెనుక వరుసలవారు ఉపన్యాసం ముగిసినదనుకొని చప్పట్లు కొట్టి లేచిపోయినారు. ఇంచుమించు అదే ఇక్కడ జరుగుతున్నది.

స్కానరు కోట్ల రూపాయల యంత్రం. అందువలన మెదడు విద్యుత్తరంగాలను కొలుచు ఇ.ఇ.జి. పరికరంతో ఈ పరీక్ష చేయవచ్చునా అని కొందరు ప్రయత్నించినారు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యులు గాయపడిన కొద్ది దినాలకే 104 మంది రోగులను మంచం మీదనే పరీక్షించి, కుడిచేయి తెరచి మూయుము అని చెప్పుతూ తరంగాలను నమోదు చేసినారు. చేయి ఎవరిదీ కదలలేదు. 16 మందిలో మెదడు మాత్రం బదులు చెప్పినది. సంవత్సరం తిరిగేసరికి, ఆ విధంగా బదులు చెప్పినవారిలో నూటికి 44 మంది రోజులో ఎనిమిది గంటలపాటు ఒకరి తోడు లేకుండా ఉండగల స్థితికి వచ్చినారు. బదులు చెప్పనివారిలో అట్లా కోలుకున్నది నూటికి 14 మంది. ఇది 2019 నాటి సంగతి. 2024లో అమెరికా, ఐరోపాలలోని ఆరు కేంద్రాలు కలసి ఇంకను పెద్ద ఎత్తున లెక్క తీసినాయి. పైకి ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మందిలో 60 మంది మెదడు ఆజ్ఞను పాటించినది. నలుగురిలో ఒకరు.

ఆ లెక్కలోనే మరొక అంకె ఉన్నది. దానిని పత్రికలు అంతగా పట్టించుకోలేదు. పైకి స్పష్టంగా ఆజ్ఞలు పాటించు 112 మందిని కూడా అదే యంత్రాలతో పరీక్షించగా, యంత్రం 43 మందిని మాత్రమే పట్టగలిగినది. అనగా కన్నెదుట చేయి ఎత్తి చూపుచున్న మనిషిని కూడా యంత్రం చాలాసార్లు గుర్తించలేదు. కావున యంత్రం లేదన్నంత మాత్రాన లేదని నిర్ణయించరాదు.

ఇంతవరకు చదివి, మంచాన ఉన్న ప్రతివారూ లోపల మేలుకొని ఉన్నారని ఎవరైనా అనుకుంటే అది మరొక పొరపాటు. నలుగురిలో ముగ్గురి విషయంలో ఏ జాడా దొరకలేదు. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఒకామె 1990 నుండి పదిహేను సంవత్సరాలు ఈ స్థితిలో ఉండగా, ఆమె తమను చూచి నవ్వుతున్నదని తల్లిదండ్రులు, ఎరుక లేదని భర్త దేశమంతా ఎరుగునట్లు న్యాయస్థానాలలో పోరాడినారు. 2005లో ఆమె మరణించిన పిదప జరిగిన శవపరీక్షలో మెదడు బరువు 615 గ్రాములు, ఉండవలసిన దానిలో సుమారు సగము, అని తేలినది. తల్లి కన్ను మోసపోగలదు. కన్నులు తెరచుకొనుట, ఆవులించుట, ముఖం చిట్లించుట, చేయి పట్టుకొనుట, ఇవన్నీ ఎరుక లేకుండగనే జరుగవచ్చును. కనుక మా విద్యార్థి బొటనవేలు చెల్లెలిని చూచి కదలినదో, ఊరకే కదలినదో మేము ఈనాడు కూడా చెప్పలేము. చెప్పగలవారు ఎవరైనా ఉంటే, పరీక్షించి చూచినవారు మాత్రమే. పరీక్షించినవారు లేరు. మా ఆవేదన అంతా అందులోనే ఉన్నది.

అటువంటి పరీక్ష మన జిల్లాలకు ఎక్కడ వస్తుందని మీరు అడుగవచ్చును. కోట్ల యంత్రాల మాట అట్లుంచుదాము. 2009లో బెల్జియంలో, ఎరుక లేనివారుగా వైద్యబృందాలు ఏకాభిప్రాయంతో నిర్ణయించిన 44 మందిని, ఇరువది మూడు అంశాలుగల ఒక క్రమబద్ధమైన పట్టిక చేతబట్టుకొని మళ్ళీ చూచినారు. 18 మందిలో ఎరుక జాడలు కనపడినవి. ఇందులో స్కానరు లేదు, విద్యుత్ పరికరం లేదు. ఓపిక, ఒక పద్ధతి, ఒక అద్దము. అద్దమే ఎందుకనగా, వైద్యుని వ్రేలినిగాని, పెన్నునుగాని కంటితో అనుసరించని రోగి, తన ముఖం కనపడు అద్దాన్ని మెల్లగా పక్కకు జరిపితే దానివెంట చూపు త్రిప్పుట ఎక్కువగా కనపడినది. గంట మ్రోగిస్తే తల త్రిప్పనివాడు తన పేరు వినపడితే త్రిప్పుట కూడా అట్లే. ఒక్కసారి చూచి నిర్ణయించరాదని, రెండు వారాలలో కనీసం ఐదుసార్లు చూడవలెనని ఇటీవలి పరిశోధకులు చెబుతున్నారు. ఈ రోగులలో మెలకువ ఉదయం ఒకరీతి, సాయంత్రం ఒకరీతిగా ఉంటుంది. మత్తు కలిగించు మందులు, జ్వరం, చెవిలో గులిమి, కంటిచూపు దెబ్బతినుట, ఇవన్నీ ఎరుకను కప్పిపెట్టగలవు. ముఖం చూచుకొను అద్దం ప్రతి ఇంట ఉన్నది. ఆ తల్లి కూడా ఒక అద్దం పట్టి చూపి, ఏ పూట ఏమి జరిగినదో ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టి, దానిని నరాల వైద్యుని ఎదుట ఉంచి ఉంటే, ఆమె మాట పిచ్చితల్లి మాటగా పోయి ఉండేది కాదు. ఆమెకు ఆ సలహా ఇవ్వవలసిన చదువుకున్నవారము మేము. తేనీరు త్రాగి వచ్చినాము.

మన దేశంలో ఈ విషయమై అందరెరిగిన పేరు అరుణా శాన్‌బాగ్. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచుండిన ఆమెపై 1973 నవంబరులో దాడి జరిగినది. అప్పటినుండి 2015 మే 18న మరణించువరకు, నలుబది ఒక్క సంవత్సరాలకు పైగా, అదే ఆసుపత్రిలో మంచాన ఉన్నది. ఆమెకు ఆహారం ఆపుటకు అనుమతి కోరిన అర్జీపై సుప్రీంకోర్టు 2011 మార్చి 7న తీర్పు చెప్పినది. కోర్టు నియమించిన ముగ్గురు వైద్యులు ఆమె స్థితి చాలవరకు శాశ్వత వెజిటేటివ్ లక్షణాలకు సరిపోవుచున్నదన్నారు. ఆసుపత్రివారు మాత్రం ఆమెకు చేపలన్నా, కోడి సూపు అన్నా ఇష్టమని, శబ్దాల ద్వారా, ముఖకవళికల ద్వారా ఇష్టాయిష్టాలు తెలుపుతుందని చెప్పినారు. కోర్టు ఆ ఆసుపత్రి సిబ్బందినే ఆమెకు ఆప్తులుగా గుర్తించి, వారు ఆమె బ్రతుకును కోరుచున్నారు గనుక అర్జీని త్రోసిపుచ్చినది. తరతరాల నర్సులు ఆమెకు వీపున పుండ్లు పడకుండ చూచుకున్నారన్న సంగతి వైద్యులే ఆశ్చర్యంతో చెప్పుకొనునది. వారిది ఆశా, నిజమా అని తేల్చు శక్తి మాకు లేదు. వారు ఆమెను మనిషిగా ఎంచి మాట్లాడినారు. అది మాత్రం నిజము.

విద్యార్థులలో ఆలోచనాపరులు ఒక ప్రశ్న వేయకపోరు. లోపల ఎరుక ఉన్నదని తెలిస్తే, ఆ బ్రతుకును పొడిగించుట మరింత క్రౌర్యం కాదా? ప్రశ్న బరువైనది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకొను ఆశ లేని స్థితిలో చికిత్సను నిలుపుదల చేయుటకు, మనిషి ముందుగానే తన కోరికను వ్రాసి పెట్టుకొనుటకు దారి చూపినది. అట్టి నిర్ణయం ఏ కుటుంబమైనా తీసుకొంటే దానిని తప్పుపట్టు అధికారం మాకు లేదు. పొలం తాకట్టు పెట్టినవాని బాధ మంచం మీద ఉన్నవాని బాధకు తక్కువైనదని కూడా మేము అనము. ఐతే ఆ నిర్ణయం తీసుకొనుటకు ముందు, అతడున్నాడా లేడా అన్నది చేతనైనంత పద్ధతిగా చూడవలెను గదా. ఉన్నాడంటే అతనినే అడుగు ఉపాయం ఏదైనా ఉన్నదేమో వెదకవలెను గదా. ఖర్చుల మాట తప్పదు, పెళ్ళి మాట తప్పదు. ప్రక్క గదిలో మాట్లాడుకొనవచ్చును.

మరొక హెచ్చరిక. ఇటువంటి వార్తలు వెలువడిన ప్రతిసారీ ఆశను అమ్ముకొనువారు బయలుదేరుతారు. మూలకణాల సూదులని కొందరు, తాయెత్తులని కొందరు, ఇతర రాష్ట్రాలలో అద్భుత చికిత్సలని కొందరు. మిగిలిన ఆ రెండెకరాలు వారి పాలవుతాయి. ఇంతవరకు పెద్ద పరీక్షలో కొంత మేలు చూపిన మందు అమాంటడిన్ అను పాతమందు. 2012లో 184 మందిపై జరిగిన ఆ పరీక్షలో నాలుగు వారాలపాటు కోలుకొను వేగం హెచ్చినది. అది కూడ అందరినీ లేపి కూర్చుండబెట్టిన మందు కాదు. దానిని వైద్యుని చేతిమీదుగానే వాడవలెను. ఎరుక ఉన్నదని తెలుసుకొనుట ఒకటి, కోలుకొనుట ఒకటి. ఈ రెంటినీ కలిపి చెప్పువాని మాట నమ్మరాదు.

1997లో కేంబ్రిడ్జిలో ఒక యువ ఉపాధ్యాయిని మెదడు వాపుతో ఇదే స్థితికి చేరగా, తెలిసినవారి ఛాయాచిత్రాలు చూపినప్పుడు ఆమె మెదడు ముఖాలను గుర్తుపట్టుచున్నట్లు స్కానులో తేలినది. తరువాత ఆమె చాలవరకు తేరుకొని, ఆనాటి అనుభవాన్ని తెలిపినది. ఊపిరితిత్తులలోని కఫాన్ని గొట్టంతో లాగునప్పుడు, అది ఎందుకు చేయుచున్నారో ఎవరూ చెప్పలేదట. దాహమైనప్పుడు అడుగలేకపోయినదట. అంత భయం మరెన్నడూ ఎరుగదట. నోటిలో గొట్టం పెట్టుటకు ముందు "ఇప్పుడు కఫం తీస్తున్నామమ్మా" అనుటకు ఏ యంత్రమూ అవసరం లేదు. ఇంటిలో ఒళ్ళు తుడుచునప్పుడు, పక్క మార్చునప్పుడు, పేరు పెట్టి పిలిచి చెప్పి చేయుటకు ఖర్చు లేదు. వినలేనివానితో మర్యాదగా మాట్లాడితే పోయేది ఏమీ లేదు. వినగలవాని ఎదుట మేము మాట్లాడినట్లు మాట్లాడితే ఏమి పోతుందో మాకు తెలిసినది.

మన పత్రికలు ఇట్టివారిని జీవచ్ఛవము అని వ్రాస్తాయి. బ్రతికి ఉన్న శవమట. శవం ఎదుట ఎవరూ గొంతు తగ్గించుకొనరు, అనుమతి అడుగరు. ఆ మాట ఒకసారి నోట పడితే తక్కిన ప్రవర్తన అంతా దానివెంటనే వస్తుంది. వైద్యులు తమ పాత పేరును తాము మార్చుకొనుచున్నప్పుడు మనము మార్చుకొనుటకు అభ్యంతరమేమి? ఈ సంచికలో వ్యాసాలు వ్రాయు విద్యార్థులనైనా ఆ పదం వాడవద్దని మేము కోరుతున్నాము. బదులు పలుకని రోగి అంటే చాలును. పరామర్శ అన్న మాటకు సంస్కృతంలో ఆలోచించి చూచుట అన్న అర్థం ఉన్నది. ఉర్దూలో ఇయాదత్ అంటాము. ఏ మాటతో వెళ్ళినా, వెళ్ళినది రోగిని చూచుటకే. చుట్టూ కూర్చున్నవారిని చూచి రావడం దాని క్రిందికి రాదు.

ఇక కమిటీ పెద్దలకు ఒక మనవి. 2022 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో ద్విచక్ర వాహనాలపై వెళ్ళినవారే అన్ని తరగతులకంటె ఎక్కువ. చనిపోక, పూర్తిగా బ్రతుకక మంచాన మిగిలినవారు ఆ లెక్కలో లేరు. మన కళాశాలకు మోటారు సైకిళ్ళపై వచ్చు పిల్లలు ప్రతియేడు పెరుగుతున్నారు. ద్వారం వద్ద హెల్మెట్ లేని బండిని లోనికి రానీయరాదన్న నియమం కాగితం మీద ఉన్నది. దానిని నిజంగా అమలుజరుపవలసినదని మొదటి కోరిక.

రెండవది హాజరు పట్టిక సంగతి. వరుసగా ఇన్ని దినాలు రానివాని పేరు కొట్టివేసి, రిజిష్టరు పోస్టులో తెలియజేయుట మన కార్యాలయపు ఆనవాయితీ. ఆ బాలుని పేరు కూడా ఆ విధంగానే కొట్టివేయబడినది. ఆ నోటీసు తెలుగు ప్రతి వ్రాసినది మేము. అది తపాలాలో చేరిననాడు, చదువురాని తండ్రి దానిని చిన్న కొడుకు చేతికిచ్చి చదివించుకున్నాడట. ఆ పిల్లవాడు అన్న మంచం మీదనే కూర్చుండి, గట్టిగా చదివి వినిపించినాడట. ఈ సంగతి అంత్యక్రియలనాడు తండ్రే మాకు చెప్పినాడు, నిందగా కాదు, ఊరకే.

దీర్ఘకాల చికిత్సలో ఉన్న విద్యార్థి పేరును కొట్టివేయక, పట్టికలో వేరొక శీర్షిక క్రింద ఉంచవలెననీ, అతడు తిరిగి వచ్చినా రాకపోయినా ఆ శీర్షిక అట్లే ఉండవలెననీ, నెలకు రెండుసార్లు ఇద్దరు సహాధ్యాయులు ఒక అధ్యాపకునితో కలసి వెళ్ళి అతని ఎదుట కూర్చుండి తరగతిలో జరిగిన సంగతులు చెప్పి రావలెననీ మేము ప్రతిపాదిస్తున్నాము. ఇందుకు నిధులు అవసరం లేదు. వచ్చే సమావేశపు విషయసూచికలో చేర్చవలసినదిగా కోరుతూ కార్యదర్శిగారికి ఉత్తరం ఇచ్చియున్నాము. మొదటి జతతో మేమే వెళతామని అందులో వ్రాసినాము.